తలూపితే ఒప్పుకున్నట్టేనా?

రెండేళ్ళ కిందట ఒక సెమినారు కోసం అమెరికా వెళ్ళి తిరిగొస్తున్నాను. అక్కడి ఒక చిన్న ఊరి విమానాశ్రయంలో, నేనెక్కాల్సిన గేటు దగ్గరే, నూలు చీర మీద స్వెట్టరు వేసుకున్న ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఒళ్ళో ప్లాస్టిక్ కవరు. అందులో పాస్ పోర్టు, టికెట్టు కాగితాలు, కూతురు ఇంగ్లీషులో పెద్ద పెద్ద అక్షరాలతో రాసిచ్చిన చీటీ. పలకరిస్తే, నరసరావుపేట దగ్గర ఊరని చెప్పింది. కూతురికి పురుడు పొయ్యడానికొచ్చి, ఆర్నెల్లుండి, ఇంటికి వెళ్ళిపోతోంది. ఇక్కణ్ణించి ఇంకో పెద్ద ఊరికి వెళ్ళి, అక్కడ హైదరాబాదు వైపు వెళ్ళే విమానం పట్టుకోవాలి. కూతురూ అల్లుడూ తనిఖీ దగ్గరి దాకా వచ్చి దించి వెళ్ళిపోయారు. అంతకు మించి లోపలికి రానివ్వరు కదా.

ఆవిడ బోర్డింగ్ పాస్ మీద సీటు నంబరు ఉండాల్సిన చోట నంబరు లేదు. గేటు దగ్గర ఇస్తారని చెప్పారట. నేను కాఫీ తెచ్చుకుందామని వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మైకులో ప్రకటన వినిపిస్తోంది. సీట్లకన్నా మనుషులు ఎక్కువయ్యారు, స్వచ్ఛందంగా రేపటి విమానానికి మారేవాళ్ళకి వోచరు ఇస్తాం అని. కౌంటరు దగ్గర పెద్దావిడ నిలబడి ఉంది. అవతలి అమ్మాయి ఏదో అడుగుతోంది, ఈవిడ తలూపుతోంది. మన ఆడవాళ్ళ తలూపుడు మనకు తెలుసు. అర్థమైందని కాదు, ఒప్పుకున్నానని కాదు, వింటున్నానమ్మా అని. ఆ తలూపుడు తర్వాత ఒక కాగితం వచ్చింది. ఆవిడ దాని మీద తెలుగులో సంతకం పెట్టింది.

"అమ్మాయ్, సీటు నంబరిచ్చారు చూడు" అని సంతోషంగా నా చేతికిచ్చింది. అందులో నంబరు లేదు. ఆ రోజు ఆ విమానంలో ప్రయాణించే హక్కు తనంతట తాను వదులుకుంటున్నట్టు ఉంది. బదులుగా, అదే కంపెనీ విమానంలో ఏడాదిలోపు ఎక్కితే చెల్లే ఒక వోచరు.

నేను కౌంటరు దగ్గరికి వెళ్ళి వాదించాను. "ఆమె స్వచ్ఛందంగా ఒప్పుకుంది, సంతకం కూడా చేసింది" అన్నదే జవాబు. "ఆమెకు ఇంగ్లీషు రాదు" అన్నాను. "తలూపింది కదా" అన్నారు. కూతురికి నేనే ఫోను చేశాను. ఆర్నెల్ల పసిబిడ్డను వెనక సీట్లో వేసుకుని, వెళ్ళిన దారినే రెండు గంటలు వెనక్కి వచ్చింది ఆ పిల్ల. ఆ పెద్దావిడ కోసం నరసరావుపేట నుంచి శంషాబాదుకి కారు మాట్లాడుకుని బయల్దేరబోతున్న కొడుకుని ఆపమని ఇంకో ఫోను. "నువ్వెళ్ళమ్మా, నీ విమానం పోతుంది" అని ఆవిడే నన్ను పంపించింది. నేను ఎక్కాను. ఆ సిగ్గు ఇంకా పోలేదు. ఈ వ్యాసం రాయడానికి అదొక కారణం.

విమానాల సంగతి స్త్రీల పత్రికలో ఎందుకు, అది డబ్బున్నవాళ్ళ గోల కదా అని కొందరు మిత్రులు అనవచ్చు. శంషాబాదు విమానాశ్రయంలో ఒక అర్ధరాత్రి నిలబడి చూడమనండి. రాయచోటి, రాజంపేట వైపు నుంచీ గోదావరి జిల్లాల నుంచీ ఇంటిపనికి కువైట్ వెళ్ళే స్త్రీలు కనిపిస్తారు. గల్ఫ్ ఆస్పత్రులకు వెళ్ళే నర్సులు కనిపిస్తారు. కూతుళ్ళకీ కోడళ్ళకీ పురుళ్ళు పొయ్యడానికి, జీతం లేని పని కోసం సముద్రాలు దాటే తల్లులు కనిపిస్తారు. వీళ్ళంతా డబ్బున్నవాళ్ళా? వీళ్ళ టికెట్లు అన్నిటికన్నా చవకవి. వీళ్ళ సెలవులు, వీసా గడువులు, ఇంటి దగ్గర వదిలొచ్చిన పనులు అన్నిటికన్నా బిగువైనవి. సీట్లు చాలనప్పుడు ఎవర్ని ఆపాలన్న లెక్కలో ఈ బిగువు ఎక్కడా కనిపించదు. టికెట్టు చవకదన్న సంగతి మాత్రం కనిపిస్తుంది.

ముందు ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో చూద్దాం. టికెట్టు కొన్నవాళ్ళలో కొందరు ఏ కారణం చేతనో రారు. ఎగిరిపోయిన విమానంలో ఖాళీ సీటు ఇక ఎప్పటికీ అమ్ముడుపోదు. అందుకని, ఎంతమంది రాకపోవచ్చునో పాత లెక్కల్ని బట్టి అంచనా వేసి, ఉన్న సీట్లకన్నా ఎక్కువ టికెట్లు అమ్ముతారు. దీన్నే ఓవర్ బుకింగ్ అంటారు. చాలా దేశాల్లో ఇది నేరం కాదు. అంచనా సరిగ్గా ఉంటే కంపెనీకి లాభం. అంచనా తప్పితే నష్టం ఎవరిది? గేటు దగ్గర నిలబడ్డవాళ్ళది. జూదం కంపెనీ ఆడుతుంది, ఓడిపోయేది ప్రయాణీకులు.

ఈ పద్ధతిని మొదట గట్టిగా ప్రశ్నించినవాడు అమెరికా వినియోగదారుల నాయకుడు రాల్ఫ్ నాడర్. 1972 ఏప్రిల్లో ఆయన వాషింగ్టన్ నుంచి హార్ట్‌ఫర్డ్ వెళ్ళాలి, అక్కడ ఒక సభలో మాట్లాడాలి. సీటు ఖాయమైన టికెట్టు చేతిలో ఉంది. అలెగెనీ ఎయిర్ లైన్స్ ఆయన్ని ఎక్కనివ్వలేదు. నాడర్ కోర్టుకెక్కాడు. సీట్లకన్నా ఎక్కువ టికెట్లు అమ్ముతున్న సంగతి దాచిపెట్టి, సీటు ఖాయమని నమ్మించడం మోసమని ఆయన వాదన. అలాంటి దావా వెయ్యడానికి ప్రయాణీకుడికి హక్కుందని 1976లో ఆ దేశపు సుప్రీంకోర్టు చెప్పింది. 1978లో అక్కడి ప్రభుత్వ బోర్డు ఒక నిబంధన తెచ్చింది. ఎవర్నైనా బలవంతంగా ఆపే ముందు, స్వచ్ఛందంగా దిగేవాళ్ళెవరైనా ఉన్నారా అని అడగాలి. సీట్లు చాలనప్పుడు వేలం పద్ధతిలో స్వచ్ఛందంగా దిగేవాళ్ళని వెతకవచ్చని జూలియన్ సైమన్ అనే ఆర్థికవేత్త 1968లోనే ప్రతిపాదించాడు. అందరూ నవ్వారు, పదేళ్ళకి అదే నిబంధనైంది.

కాగితం మీద ఇది న్యాయమైన నిబంధనే. తొందర లేనివాళ్ళు డబ్బు తీసుకుని ఆగుతారు, తొందరున్నవాళ్ళు వెళతారు. ఎవరి మీదా బలవంతం లేదు. నా ప్రశ్నల్లా ఒక్కటే. ‘స్వచ్ఛందం’ అన్న మాటకు అర్థం ఉండాలంటే ఏం కావాలి?

మొదటిది, తెలియడం. అమెరికా నిబంధనల ప్రకారం తనంతట తాను ఒప్పుకున్న మనిషికి కంపెనీ ఏమిస్తానంటే అదే దక్కుతుంది, వోచరైనా సరే. ఇష్టం లేకుండా ఆపేసిన మనిషికి మాత్రం చట్టం నిర్ణయించిన పరిహారం దక్కాలి. ఆలస్యం మరీ తక్కువైతే తప్ప అది ఆమె హక్కు, నగదుగానో చెక్కుగానో ఇమ్మని అడగవచ్చు. అంటే ఆ పెద్దావిడ తలూపుడు ఖరీదు ఎంతో చూడండి. ఆమె ఊరికే నిలబడి ఉంటే చట్టం ఆమె వైపు ఉండేది. తలూపగానే చట్టం పక్కకు తప్పుకుంది. హక్కుగా రావలసింది కంపెనీ దయగా మారింది. ఆ దయ కూడా మళ్ళీ అదే కంపెనీ విమానమెక్కితేనే చెల్లుతుంది. ఆవిడ మళ్ళీ ఎప్పుడెక్కుతుంది, ఇంకో కూతురి పురుడుకా?

2016లో అమెరికాలోని పెద్ద విమాన కంపెనీలు దాదాపు 4 లక్షల 75 వేల మందిని టికెట్టు ఉండగానే ఎక్కించుకోలేదు. అందులో బలవంతంగా ఆపేసినవాళ్ళు సుమారు 40 వేలు. మిగిలిన దాదాపు 4 లక్షల 34 వేల మందీ స్వచ్ఛందంగా ఆగినవాళ్ళేనని లెక్కల్లో ఉంది. చాలామంది నిజంగానే ఇష్టపడి ఆగి ఉంటారు, కాదనను. కాని సమాజశాస్త్రం చదువుకున్నదానిగా, అంకె పక్కన ‘స్వచ్ఛందం’ అన్న మాట చూస్తే నాకు మొదట వచ్చే అనుమానం ఒకటే. ఇందులో తలూపులెన్ని?

రెండోది, కాదనగలగడం. స్త్రీల ఉద్యమానికి ఈ పాఠం కొత్త కాదు. మధుర కేసులో 1978లో మన సుప్రీంకోర్టు, ఆమె ఒంటి మీద గాయాలు లేవు గనక, ప్రతిఘటించలేదు గనక, ఒప్పుకున్నట్టే అన్నది. లొంగిపోవడం వేరు, అంగీకరించడం వేరు అని చెప్పడానికి దేశమంతా స్త్రీలు రోడ్లెక్కాల్సి వచ్చింది. ప్రతిఘటించనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని చట్టంలో స్పష్టంగా రాయించుకోవడానికి 2013 దాకా పట్టింది. ఆ హింసనీ విమానం గేటు దగ్గర జరిగే అన్యాయాన్నీ ఒక తక్కెడలో వెయ్యడం లేదు నేను. మౌనాన్ని అంగీకారంగా రాసుకునే అలవాటు ఎంత దూరం పాకిందో చెబుతున్నాను. పోలీసు స్టేషన్లో, పెళ్ళిచూపుల్లో, ఆస్తి పంపకాల కాగితాల మీద, ఆస్పత్రిలో ఆపరేషను ఫారం మీద, ఇప్పుడు విమానాశ్రయంలో. ఆడది తలూపితే చాలు, పక్కవాళ్ళు సంతకం పెట్టించుకుంటారు.

మరి కాదంటే ఏమవుతుంది? దానికి జవాబు 2017 ఏప్రిల్ 9న చికాగోలో దొరికింది. చికాగో నుంచి లూయివిల్ వెళ్ళే యునైటెడ్ విమానం నిండింది. ప్రయాణీకులు ఎక్కి కూర్చున్నారు కూడా. అప్పుడు కంపెనీకి గుర్తొచ్చింది, మర్నాడు ఇంకో విమానం నడపడానికి తమ సిబ్బంది నలుగురు ఆ ఊరు వెళ్ళాలని. నాలుగు సీట్లు ఖాళీ చెయ్యమన్నారు. 400 డాలర్ల వోచరన్నారు, తర్వాత 800 అన్నారు. ఎవరూ లేవలేదు. అక్కడితో పాట ఆపేసి కంప్యూటరు చేత నలుగురి పేర్లు తీయించారు. ముగ్గురు దిగిపోయారు. నాలుగో మనిషి 69 ఏళ్ళ డాక్టరు, వియత్నాం నుంచి వచ్చి స్థిరపడినవాడు. పొద్దున్నే రోగుల్ని చూడాలి, దిగను అన్నాడు. విమానాశ్రయ భద్రతా సిబ్బంది వచ్చి ఆయన్ని సీట్లోంచి పెరికి, నడవాలో చేతులు పట్టి ఈడ్చుకుపోయారు. ముక్కు విరిగింది, రెండు పళ్ళు ఊడిపోయాయి, తలకు దెబ్బ తగిలింది. తోటి ప్రయాణీకులు తీసిన వీడియోలు ప్రపంచమంతా చూసింది.

మాట తప్పిందెవరు? ఈడ్చివేతకు గురైందెవరు? సీటు అమ్మి, ఎక్కించుకుని, కూర్చోబెట్టి, ఆ తర్వాత మాట తప్పింది కంపెనీ. ఒప్పందానికి కట్టుబడి తన సీట్లో తాను కూర్చున్నవాడు ఆయన. యూనిఫారం వచ్చింది మాత్రం ఆయన మీదికి. రాజ్యం ఎవరి మాటకు పరుగెత్తుతుందో తెలుసుకోవడానికి పెద్ద పుస్తకాలు అక్కర్లేదు, ఆ వీడియో చాలు. 800 డాలర్ల దగ్గర ఆగిన పాట ఇంకొంచెం పెంచి ఉంటే ఎవరో ఒకరు లేచేవారేమో. బలప్రయోగం చవకగా దొరుకుతున్నప్పుడు పాట ఎందుకు పెంచుతారు?

మర్నాడు కంపెనీ అధిపతి ఆస్కార్ మునోజ్ చేసిన ప్రకటనలో, ఈ ప్రయాణీకుల్ని ‘వేరే చోట సర్దుబాటు’ చెయ్యాల్సి వచ్చినందుకు చింతిస్తున్నామని ఉంది. పళ్ళూడగొట్టడానికి ఆ భాషలో పేరు సర్దుబాటు. సర్దుకుపో అన్న మాట మనకు పుట్టింట్లో మొదలై అత్తింటి దాకా వినబడేదే గనక ఆ భాష తొందరగానే అర్థమైంది. సిబ్బందికి రాసిన ఉత్తరంలో ఆయన తప్పు ప్రయాణీకుడి ప్రవర్తన మీదికి నెట్టాడు. జనం కోపం చూశాక గాని సరైన క్షమాపణ రాలేదు. ఈలోగా కొన్ని పత్రికలు ఆ డాక్టరు పాత జీవితాన్ని తవ్వి అచ్చువేశాయి. దెబ్బలు తిన్నవాడి నడవడిక మీద విచారణ! ఇదీ మనకు తెలిసిన కథే. అత్యాచార కేసుల్లో బాధితురాలి శీలాన్ని కోర్టులో తవ్వడానికి అనుమతించిన సాక్ష్యాల చట్టంలోని నిబంధన మన దేశంలో 2002 సవరణ దాకా బతికే ఉంది.

ఆ నెలలోనే, ఏప్రిల్ 23న, హవాయి దీవుల నుంచి లాస్ ఏంజెలెస్ వెళ్ళే డెల్టా విమానంలో ఒక కుటుంబాన్ని దింపేశారు. పెద్ద కొడుకు పేరు మీద కొన్న సీట్లో వాళ్ళు పసివాణ్ణి కూర్చోబెట్టుకున్నారు. ఆ సీటు ఇంకొకరికి కావాలన్నారు. డబ్బు కట్టిన సీటు ఇవ్వమన్నందుకు మిమ్మల్ని జైలుకు పంపుతారు, మీ పిల్లల్ని ప్రభుత్వ సంరక్షణకు అప్పగిస్తారు అని సిబ్బంది బెదిరించడం వీడియోలో వినబడింది. కుటుంబం దిగిపోయింది. తర్వాత కంపెనీ క్షమాపణ చెప్పి డబ్బు తిరిగిచ్చింది. పిల్లల్ని లాక్కుంటామన్న తర్వాత కూడా కాదనగల తల్లి ఎవరు? అలా దిగిన తల్లి స్వచ్ఛందంగా దిగినట్టా?

ఇప్పుడు ఎంపిక సంగతి. కంప్యూటరు పేర్లు తీసిందంటే చీట్లు వేసినట్టని చాలామంది అనుకున్నారు. కాదు. యునైటెడ్ నిబంధనల్లోనే రాసి ఉంది. వికలాంగులనీ, తోడులేని పిల్లలనీ వీలైనంత వరకు ఆఖర్న ఆపుతారు. మిగిలినవాళ్ళలో ఎవరు ఎంత పెట్టి టికెట్టు కొన్నారు, తరచూ ఎక్కే ఖాతాదారులా కాదా, ఎంత ముందుగా హాజరు వేయించుకున్నారు అన్నవి చూస్తారు. కంప్యూటరుకు కులం తెలియదు, లింగం తెలియదు, నిజమే. కాని తరచూ విమానమెక్కేది ఎవరు? కంపెనీ ఖర్చు మీద నెలకు నాలుగుసార్లు తిరిగే ఉద్యోగులు, వాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళు. చవక టికెట్టు ఎవరిది? సొంత డబ్బుతో ఏడాదికొకసారి వెళ్ళేవాళ్ళది. ముందుగా ఆన్‌లైన్లో సీటు ఎంచుకోలేనిది ఎవరు? ఇంగ్లీషు రాని తల్లి, ఏజెంటు చేతుల్లో టికెట్టున్న పనిమనిషి. సమాజంలో ఎవరికి విలువ తక్కువో వాళ్ళనే ముందు దింపాలని కంప్యూటరుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. టికెట్టు ధర చూడమంటే చాలు.

వేరే దారి లేదా? మన రైళ్ళు చూడండి. రైలు రిజర్వేషన్లో ఎన్ని లోపాలైనా ఉండవచ్చు, వీఐపీ కోటాల రోత ఉండనే ఉంది. కాని అక్కడ సంగతి దాచరు. వెయిటింగ్ లిస్టంటే వెయిటింగ్ లిస్టని, ఆర్‌ఏసీ అంటే ఒక బెర్తు మీద ఇద్దరు కూర్చోవాలని టికెట్టు మీదే ఉంటుంది. కన్‌ఫర్మ్ అన్న మాటకు అర్థం ఉంటుంది. వృద్ధులకీ, 45 ఏళ్ళు దాటిన స్త్రీలకీ, గర్భిణులకీ కింది బెర్తుల్లో వాటా ఉంది. ఎంత కట్టావని కాకుండా నీకేం అవసరమని అడిగే పద్ధతి ఒకటి మన పట్టాల మీదే ఉంది. కెనడా 2019లో విమానాలకు ఇలాంటిదే నిబంధన పెట్టింది. సీట్లు చాలనప్పుడు తోడులేని పిల్లలు, వికలాంగులు, కుటుంబంతో వెళ్ళేవాళ్ళు, అంతకుముందు అదే టికెట్టు మీద ఒకసారి ఆగిపోయినవాళ్ళు ముందు ఎక్కాలి. కావాలనుకుంటే చెయ్యవచ్చునన్నమాట.

చికాగో తర్వాత కొన్ని మార్పులొచ్చాయి. యునైటెడ్ తన పాట హద్దును 10,000 డాలర్లకు పెంచింది. ఈడ్చిన సిబ్బందిలో ఇద్దరి ఉద్యోగాలు పోయాయి. టికెట్టు చూసి లోపలికి పంపిన మనిషిని, భద్రత వంటి కారణాలు లేకుండా, సీటు కోసం దింపరాదని 2018లో అమెరికా చట్టం చేసింది. బలవంతంగా ఆపినప్పుడిచ్చే పరిహారం హద్దుల్ని 2021లో 775, 1550 డాలర్లకు పెంచారు, తర్వాత ఇంకా పెంచారు. ఇవన్నీ కాదన్న ఒక్క మనిషి నెత్తురు మీద వచ్చిన మార్పులు. కాని గమనించండి, ఇవి గేటు దాటి లోపలికి వెళ్ళినవాళ్ళని కాపాడతాయి. నా పెద్దావిడ గేటు బయటే ఆగిపోయింది. విమానం లోపల బలవంతం కష్టమయ్యాక, గేటు బయట ‘స్వచ్ఛందం’ మీద ఆధారపడటం ఎక్కువవుతుంది కదా.

మన దేశంలో సంగతేమిటి? పౌర విమానయాన డైరెక్టరేటు 2010 ఆగస్టులో నిబంధనలు పెట్టింది, 2016 ఆగస్టు నుంచి పరిహారం పెంచింది. ఇక్కడా ముందు స్వచ్ఛందంగా ఆగేవాళ్ళని అడగాలి. ఇష్టం లేకుండా ఆపేస్తే గంటలోపు వేరే విమానం చూపాలి. అలా చూపకపోతే, 24 గంటల్లోపు పంపితే మూల ఛార్జీకి ఇంధన ఛార్జీ కలిపి దానికి రెండింతలు, 10,000 రూపాయలకు మించకుండా ఇవ్వాలి. అంతకన్నా ఆలస్యమైతే నాలుగింతలు, 20,000కు మించకుండా. ఈ సంగతి ఎంతమందికి తెలుసు? 2022 జూన్‌లో అధికారులు బెంగుళూరు, హైదరాబాదు, ఢిల్లీ విమానాశ్రయాల్లో తనిఖీ చేశారు. టికెట్టున్నవాళ్ళని ఎక్కనివ్వకుండా, పరిహారమూ ఇవ్వకుండా పంపేసినందుకు ఎయిర్ ఇండియాకు 10 లక్షల జరిమానా వేశారు. మంచిదే. ఆ 10 లక్షలు ఖజానాకు వెళతాయి. తెల్లవారుజామున శంషాబాదులో ఆగిపోయిన మనిషి హక్కు అడగకపోతే, తెలియకపోతే, ఆమెకు టీ డబ్బులు కూడా రావు.

పరిహారాన్ని ఛార్జీతో ముడిపెట్టడంలోనే ఒక అన్యాయం ఉంది. రెండువేలకు టికెట్టు కొన్న మనిషి ఒక రోజు విలువ నాలుగువేలు, ఏడువేలకు కొన్నవాడి రోజు విలువ పదివేలు. చవక టికెట్టు మనిషిని ముందు దింపుతారు, చవక టికెట్టు మనిషికే తక్కువ ఇస్తారు. యూరప్‌లో 2005 నుంచి అమల్లో ఉన్న నిబంధన టికెట్టు ధర చూడదు. ప్రయాణ దూరాన్ని బట్టి 250, 400, 600 యూరోలు. పాతికవేలకు కొన్నవాడైనా, రెండువేలకు కొన్న పనిమనిషైనా ఒకటే. కెనడా ఆలస్యాన్ని బట్టి 900, 1800, 2400 డాలర్లుగా పెట్టింది. పోయిన రోజు ఎవరిదైనా రోజేనని ఈ రెండు చోట్లా ఒప్పుకున్నారు. మనం ఎందుకు ఒప్పుకోకూడదు?

ఇంకో కేసు చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. 2012 ఫిబ్రవరి 19న జీజా ఘోష్ అనే వికలాంగుల హక్కుల కార్యకర్త కలకత్తాలో గోవా వెళ్ళే స్పైస్ జెట్ విమానమెక్కి తన సీట్లో కూర్చున్నారు. ఆమెకు సెరిబ్రల్ పాల్సీ ఉంది. వికలాంగుల హక్కుల మీద జరిగే సదస్సుకే వెళుతున్నారు. సిబ్బంది వచ్చి దిగమన్నారు. సీట్లు చాలక కాదు, ఆమె శరీరం చూసి. ఆమె తలూపలేదు. సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2016 మే 12న కోర్టు ఆమెకు 10 లక్షల రూపాయల పరిహారం ఇమ్మంది. అది ఓవర్ బుకింగ్ కేసు కాదు. కాని ఈ రెంటి మూలం ఒకటే. కూర్చున్న మనిషిని లేపే అధికారం కంపెనీ చేతిలో ఉన్నంతకాలం, ఎవర్ని లేపాలన్నప్పుడు వాళ్ళ చూపు ముందు పడేది సమాజం ఇప్పటికే పక్కకు నెట్టినవాళ్ళ మీదే.

ఓవర్ బుకింగ్ వల్ల ఛార్జీలు తగ్గుతాయి, అది పేదలకే మేలు అని ఆర్థికవేత్తలు అంటారు. ఈ వాదనలో కొంత నిజముంది, కొట్టిపారెయ్యను. సీట్లు ఖాళీగా ఎగరకపోతే ధర కొంత తగ్గవచ్చు. ఐతే ఆ మేలు నిజమైనప్పుడు దాన్ని దాచి అమ్మడమెందుకు? ఈ టికెట్టు మీద ఆగిపోయే అవకాశముంది, అందుకే చవక అని రైల్వే ఆర్‌ఏసీ లాగా ముందే చెప్పి అమ్మండి. సీట్లు చాలకపోతే ఎవరో ఒకరు ఇష్టపడేదాకా పాట పెంచండి, మధ్యలో ఆపి బెదిరించకండి. అంచనా తప్పిన ఖర్చు అంచనా వేసినవాడే భరించాలి. ఆ ఖర్చు ఇప్పుడు ఎవరు భరిస్తున్నారో నేను చూశాను. రెండు గంటలు వెనక్కి కారు నడిపిన బాలింత. శంషాబాదుకి మాట్లాడుకున్న కారు అద్దె. ఆ రాత్రి కూతురింట్లో మళ్ళీ వండిన వంట. స్త్రీల సమయానికి ఖరీదు లేదనుకునే లోకంలో ఈ ఖర్చులేవీ ఏ పద్దులోకీ ఎక్కవు.

ఇంకొక మాట. కౌంటరు వెనక నిలబడ్డ అమ్మాయి మన శత్రువు కాదు. ఎక్కువ టికెట్లు అమ్మమన్న నిర్ణయం ఆమెది కాదు, పేర్లు తీసింది ఆమె కాదు. తిట్లు తినడానికి నవ్వుమొహంతో నిలబెట్టింది మాత్రం ఆమెనే. ఆ రోజు నేనూ ఆమె మీద గొంతు పెంచాను. తప్పే. అరవాల్సింది ఆమె పై అంతస్తుల మీద.

మనం అడగాల్సినవి పెద్ద కోరికలేమీ కావు. పరిహారం టికెట్టు ధరను బట్టి కాక దూరాన్ని బట్టీ, ఆలస్యాన్ని బట్టీ ఉండాలి. ఎవర్ని ఆఖర్న ఆపాలన్న వరస అవసరాన్ని బట్టి చట్టంలోనే ఉండాలి. గర్భిణులు, పసిబిడ్డల తల్లులు, ఒంటరిగా వెళ్ళే వృద్ధులు, వికలాంగులు, వీసా గడువు మీద వెళ్ళే కార్మికులు ఆ వరసలో ఉండాలి. ప్రయాణీకురాలికి తెలిసిన భాషలో రాసి, చదివి వినిపించి, అర్థమైందని ఆమె నోటితో చెప్పనిదే ‘స్వచ్ఛంద’ సంతకం చెల్లకూడదు. హైదరాబాదు, విజయవాడ, విశాఖ విమానాశ్రయాల్లో ఈ హక్కులు తెలుగులో గోడ మీద ఉండాలి. చట్టం మారేలోగా మన చేతిలో ఉన్న పని కూడా ఒకటుంది. అమ్మను విమానమెక్కించేటప్పుడు కవర్లో పెట్టే చీటీలో ఇంకో వాక్యం చేర్చండి. ‘నాకు ఇంగ్లీషు రాదు, నా సీటు నేను వదులుకోను, మా అమ్మాయికి ఫోను చెయ్యండి’ అని ఇంగ్లీషులో రాయండి. దాని అర్థం అమ్మకు తెలుగులో చెప్పండి. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టొద్దనీ, అర్థం కాని మాటకు తలూపొద్దనీ చెప్పండి.

చివరిది చెప్పడం తేలిక కాదని నాకు తెలుసు. తలూపమని నేర్పింది మనమే. అత్తగారు చెబితే, డాక్టరు చెబితే, ఆఫీసరు చెబితే తలూపడమే మంచి ఆడదాని లక్షణమని అరవై ఏళ్ళు నేర్పి, విమానం గేటు దగ్గర ఒక్క నిమిషంలో కాదనమంటే ఎలా అంటుంది? తర్వాతెప్పుడో ఆ పెద్దావిడతో ఫోనులో మాట్లాడాను. క్షేమంగా ఇల్లు చేరిందట. వోచరు ఏం చేశారు పిన్నిగారూ అని అడిగితే, "అదా, ఆ కవర్లోనే ఉందమ్మా, పారెయ్యకూడదేమోనని ఉంచాను" అంది. దాని గడువు అప్పటికే తీరిపోయింది.